డ్రమ్ముకో నంబరు: పచ్చళ్ల యూనిట్లో లాట్ నంబర్ల ప్రాజెక్టు డైరీ

చిన్న పచ్చళ్ల యూనిట్లో లాట్ నంబరు (ఒక విడత సరుకును గుర్తుపట్టే నంబరు) పద్ధతి పెట్టిన పని వివరం ఇది. సీజనులో ఆవకాయ 40 డ్రమ్ములు, డ్రమ్ముకు 200 కిలోలు. మిగతా ఏడాదంతా గోంగూర, టమాటా, పొడులు. ఇదే స్థాయి యూనిట్లు దశల వారీగా ఎత్తి రాసుకోవచ్చు. మేం దెబ్బతిన్న చోట్లను కూడా కొలతలతో సహా రాశాం.

ముందు నిబంధన. కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) లేబులింగ్ నియమాలు (2020) ప్రకారం ప్యాకెట్ మీద లాట్, కోడ్, బ్యాచ్ నంబర్లలో ఏదో ఒకటి ఉండాలి. ఆ నంబరుతో సరుకును తయారీలో వెనక్కి జాడ తీయగలగాలి, పంపిణీలో గుర్తుపట్టగలగాలి. అంకెలైనా అక్షరాలైనా రెండూ కలిసినా ఒప్పుకుంటారు. ఏ రూపంలో ఉండాలో చెప్పలేదు, ఎంత సరుకును ఒక లాట్ అనాలో కూడా చెప్పలేదు. అసలు పని అంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు.

దశ 0: పాత పద్ధతి ఎక్కడ విరిగింది

సీసా మీద ప్యాక్ చేసిన తేదీనే బ్యాచ్ నంబరుగా కొట్టడం పాత అలవాటు. చూడటానికి బాగానే ఉంటుంది, అడిగిన అధికారికి చూపించడానికీ పనికొస్తుంది. ఒక దుకాణం నుంచి బూజు పట్టిన సీసా వెనక్కి వచ్చినప్పుడు లోపం బయటపడింది. ఆ తేదీన ప్యాక్ చేసినవి 960 సీసాలు. వాటిలోకి మూడు డ్రమ్ముల పచ్చడి వెళ్లింది. అందులో రెండు డ్రమ్ముల పచ్చడి అంతకుముందు రెండు తేదీల ప్యాకింగులోనూ ఉంది.

అంటే ఆ నంబరుతో రెండు నష్టాలు. బాగున్న డ్రమ్ముల సీసాలను కూడా వెనక్కి తెప్పించాలి. చెడిన డ్రమ్ము సీసాలు వేరే తేదీతో బజారులో ఉండిపోతాయి. రెండోది ప్రమాదం.

పాత పద్ధతిలోనే ఒక ఉత్తుత్తి రీకాల్ (అమ్మిన సరుకును వెనక్కి తెప్పించడం) చేసి కొలిచాం. 960 సీసాల్లో ఎక్కడికి వెళ్లాయో కాగితం మీద చూపించగలిగినవి 611, అంటే 63.6 శాతం. పట్టిన సమయం 5 గంటల 40 నిమిషాలు. ఎవరు ఈ పని మొదలుపెట్టినా ముందు ఇది కొలవండి. లేకపోతే తర్వాత చేసిన మార్పుల్లో ఏది పనిచేసిందో తేలదు.

దశ 1: హద్దు ఎక్కడ వేయాలి

అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్‌లోని లేబులింగ్ ప్రమాణం (1985) లాట్‌ను దాదాపు ఒకే పరిస్థితుల్లో తయారైన నిర్దిష్ట పరిమాణంగా చెబుతుంది. ఆవకాయలో ఆ పరిస్థితులు స్థిరపడేది ముక్కల్లో గుండ కలిపిన రోజున, కలిపిన పాత్రలో. సీసాలోకి ఎత్తిన రోజుకు దాంతో సంబంధం లేదు. అందుకని లాట్ అంటే డ్రమ్ము అని తేల్చుకున్నాం.

ఒక డ్రమ్ము లెక్క:

1. మామిడి ముక్కలు 120 కిలోలు
2. ఉప్పు 18
3. కారం 17
4. ఆవపిండి 17
5. వెల్లుల్లి 5
6. మెంతిపిండి 1
7. నువ్వుల నూనె 22
మొత్తం 200 కిలోలు.

డ్రమ్ముకు నంబరు రాయగానే హద్దు వచ్చేయదు. పొలానికి గట్టు లేకుండా సర్వే నంబరు మాత్రం ఉన్నట్టుంటుంది. ఒక డ్రమ్ములోది ఇంకో డ్రమ్ములోకి ఏ దారిన పోతోందో వెతికితే మూడు దారులు దొరికాయి.

*మొదటి దారి, నూనె తొట్టి.* 200 లీటర్ల స్టీలు తొట్టిలో నూనె ఎప్పుడూ ఉంటుంది, సగానికి తగ్గగానే కొత్త టిన్నులు పోస్తారు. తొట్టి ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాదు. ఇక ఏ డ్రమ్ములోకి ఏ టిన్నుల నూనె వెళ్లిందో దేవుడికి తెలియాలి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు పోసే నూనె కూడా అందులోదే. ఒక్క టిన్ను నూనె పాతవాసన ఉన్నా సీజను మొత్తం అనుమానంలో పడుతుంది. తొట్టి తీసేశాం. 15 కిలోల టిన్ను మీద ఉన్న మిల్లు బ్యాచ్ నంబరు రాసుకుని టిన్ను నుంచే నేరుగా పోస్తున్నాం.

*రెండో దారి, డ్రమ్ము అడుగు.* ప్యాకింగ్ అయ్యాక అడుగున మిగిలే 4 నుంచి 8 కిలోలను తర్వాతి డ్రమ్ములో పోసేవాళ్లు. 8 కిలోలంటే 200లో 4 శాతమే. కానీ రెండో డ్రమ్ము అడుగు మూడోదాంట్లోకి, దాని అడుగు నాలుగోదాంట్లోకి వెళ్తుంటే గొలుసు ఎక్కడా తెగదు. ఇప్పుడు అడుగులన్నీ విడి డబ్బాలోకి తీసి, దానికి వేరే లాట్ నంబరు ఇచ్చి, ఏయే డ్రమ్ములవో రిజిస్టర్లో రాస్తున్నాం. అడుగుల లాట్‌కు డ్రమ్ము సంఖ్య 90 దాటి ఉంటుంది, కాబట్టి చూడగానే తెలుస్తుంది.

*మూడో దారి, కారం మర.* దీన్ని కనిపెట్టడానికే ఎక్కువ రోజులు పట్టింది. గుంటూరు మిర్చి యార్డులో ఒక రైతు టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) ఒక లాట్‌గా పెడతారు, కోల్డ్ స్టోరేజీలో గోనె మీద రంగుతో నంబరు వేస్తారు. అక్కడిదాకా జాడ బాగానే ఉంటుంది, మరలోకి పోసిన క్షణం నుంచి పోతుంది. ఒక లాట్ మిరపకాయలు ఆడించాక మర లోపల, జల్లెడ వెనక, గొట్టంలో పాత కారం ఉండిపోతుంది. ఎంతో తెలుసుకోవడానికి మిర్చి తర్వాత తెల్ల బియ్యం కిలో కిలోగా ఆడించి చూశాం. మొదటి రెండు కిలోల పిండి ఎర్రగా వచ్చింది. మూడో కిలో గులాబీ రంగు. నాలుగో కిలోలో కంటికి రంగు కనిపించలేదు. ఇప్పుడు గోనె నంబరు మారినప్పుడల్లా 4 కిలోల నూకలు ఆడించి, ఆ పిండి పారేసి, కొత్త లాట్ మొదలుపెడుతున్నాం.

కారం దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, 2005 ఫిబ్రవరిలో బ్రిటన్లో జరిగింది కారంతోనే. భారత్ నుంచి వెళ్లిన కారంలో సూడాన్ 1 అనే నిషిద్ధ రంగు ఉంది. ఆ కారం వూస్టర్ సాస్‌లోకి, ఆ సాస్ రకరకాల తయారు వంటకాల్లోకి వెళ్లింది. చివరికి వందల కొద్దీ ఉత్పత్తులను దుకాణాల నుంచి తీసేయాల్సి వచ్చింది. దినుసు లాట్ ఒకటి ఎన్ని సరుకుల్లోకి పాకుతుందో చూడాలంటే ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

*జతల పద్ధతి.* లెక్కలు రాస్తుంటే ఒక వీలు కనిపించింది. 42 కిలోల టిక్కీ నుంచి తొడిమలు తీసి ఆడిస్తే 36 కిలోల దాకా కారం వస్తుంది. రెండు డ్రమ్ములకు కావలసింది 34. నూనె రెండు డ్రమ్ములకు 44 కిలోలు, మూడు టిన్నులంటే 45. అంటే ఒక టిక్కీ, మూడు టిన్నులు కలిపితే ఒక జత డ్రమ్ములు. జత జతగా కలిపితే దినుసుల హద్దు, డ్రమ్ముల హద్దు ఒకేచోట పడతాయి. మిగిలిన 2 కిలోల కారం పొడుల విభాగానికి రాసి పంపుతున్నాం. నంబర్ల పద్ధతిలో దేనికీ ఇంత ఫలితం రాలేదు, దీనికి పైసా ఖర్చు కాలేదు.

ఖర్చు: డ్రమ్ము ట్యాగులు 40, ఒక్కోటి 15 రూపాయలు, మొత్తం 600. రిజిస్టర్లు మూడు, 540. ఇప్పటిదాకా 1,140 రూపాయలు.

దశ 2: నంబరు రూపం

మొదటి రూపంలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి 14 గుర్తులు పెట్టాం. రెండు వారాల్లో వదిలేశాం. 'ఓ' అక్షరానికీ సున్నాకీ, 'ఐ' అక్షరానికీ ఒకటికీ తేడా తెలియదు. ఫోనులో 'బీ' అంటే 'డీ' అని రాసుకుంటారు. ఆ రూపానికి చేయించిన రబ్బరు స్టాంపులు రెండూ దండగ.

రెండో రూపంలో క్రమసంఖ్యను ఏప్రిల్ 1 నుంచి మళ్లీ ఒకటితో మొదలుపెట్టాం, లెక్కల పుస్తకాలతో కలుస్తుందని. అది ఇంకా పెద్ద తప్పు. మార్చిలో కలిపిన గోంగూర, ఏప్రిల్లో కలిపిన గోంగూర రెండూ బజారులో ఒకేసారి ఉంటాయి. పాత సంవత్సరం ఏప్రిల్ సరుకు కూడా గడువు తీరక అక్కడే ఉంటుంది. ఒకే నంబరుతో రెండు సరుకులు తయారయ్యాయి.

నిలబడిన రూపం మొత్తం అంకెలే, తొమ్మిది:

1. సరుకు, రెండంకెలు. 11 ఆవకాయ, 12 మాగాయ, 13 గోంగూర, పొడులు 21 నుంచి.
2. సంవత్సరం, ఒక్క అంకె. 2025 అంటే 5. మా సరుకు గడువు 12 నెలలు, పదేళ్లకు గాని అంకె తిరిగిరాదు.
3. సంవత్సరంలో ఎన్నో రోజు, మూడంకెలు. మే 23 అంటే 143.
4. డ్రమ్ము, రెండంకెలు.
5. తనిఖీ అంకె, నంబరు తప్పు రాస్తే పట్టుకోవడానికి.

రోజు సంఖ్య పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో ప్రభుత్వ గ్రేడు ముద్ర ఉన్న గుడ్ల అట్టల మీద ప్యాక్ చేసిన రోజును 001 నుంచి 365 వరకు ఇలాగే వేస్తారు. గోడకు రోజు సంఖ్యల క్యాలెండర్ అంటించి పెట్టండి. లీపు సంవత్సరానికి వేరే క్యాలెండర్ కావాలి, ఫిబ్రవరి 29 తర్వాత అన్నీ ఒకటి జరుగుతాయి.

తనిఖీ అంకెకు 13 అంకెల బార్‌కోడ్‌లో వాడే లెక్కే వాడాం:

1. కుడి చివర నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి 3తో గుణించాలి.
2. మిగతావి ఉన్నవి ఉన్నట్టే ఉంచి అన్నీ కూడాలి.
3. ఆ మొత్తం పైనున్న పదుల సంఖ్యకు ఎంత తక్కువైతే అదే తనిఖీ అంకె.

2025 మే 23న కలిపిన మూడో డ్రమ్ము ఆవకాయ: 11 5 143 03. కుడి నుంచి 9, 0, 9, 4, 3, 5, 3, 1. మొత్తం 34. నలభైకి 6 తక్కువ. పూర్తి నంబరు 115143036.

ఒక అంకె తప్పు రాస్తే ఈ లెక్క ఎప్పుడూ పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే చాలావరకు పట్టుకుంటుంది. రెంటి మధ్య తేడా సరిగ్గా 5 అయితే మాత్రం పట్టుకోదు. 161ని 116 అని రాస్తే తనిఖీ అంకె మారదు, జూన్ 10 కాస్తా ఏప్రిల్ 26 అవుతుంది. దీనికోసం లెక్క మార్చలేదు. ఆ రోజున ఆ సరుకు కలిపామా లేదా అన్నది రిజిస్టర్లో చూస్తే తేలిపోతుంది.

బార్‌కోడ్ ఉంది కదా, మళ్లీ లాట్ ఎందుకని చాలామంది అడుగుతారు. 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ సరుకును, పరిమాణాన్ని చెబుతుంది. ఈ ఏడాది ఆవకాయకీ, నిరుడు ఆవకాయకీ అదే కోడ్. లాట్ నంబరు మోసే బార్‌కోడ్‌లు వేరే ఉన్నాయి. వాటిలో 10 అనే గుర్తు తర్వాత 20 గుర్తుల దాకా లాట్ నంబరు పెట్టుకోవచ్చు. మన సరుకు అమ్మే దుకాణాల బిల్లింగు యంత్రాలు వాటిని చదవడం లేదు గనుక వాటి జోలికి పోలేదు.

ఖర్చు: దండగైన స్టాంపులు 700. ఇప్పటిదాకా 1,840 రూపాయలు.

దశ 3: ముద్ర నిలవాలి

పచ్చడి సీసాకు శత్రువు నూనె. అందుకని ప్రతి ముద్రకూ ఒకటే పరీక్ష: బొటనవేలికి నువ్వుల నూనె రాసుకుని గట్టిగా 20 సార్లు రుద్దడం.

- స్టాంపు సిరా: మూడో రుద్దుకు పోయింది.
- చేతి ఇంక్‌జెట్ ముద్రణ యంత్రం, నీటి సిరా: మొదటి రుద్దుకే పోయింది. ఈ సిరా అట్టపెట్టెలకు పనికొస్తుంది, పెట్ (ప్లాస్టిక్) సీసాకు అంటదు.
- అదే యంత్రం, త్వరగా ఆరే సాల్వెంట్ సిరా, నిండిన సీసా మీద: ఆరో రుద్దుకు చెదిరింది.
- అదే సిరా, ఖాళీ పొడి సీసా మీద, 60 సెకన్లు ఆరాక: 20 రుద్దులకీ నిలిచింది. 24 గంటలు నూనెలో ముంచి తీసినా చదవడానికి వచ్చింది.

నిండిన సీసాను ఎంత తుడిచినా పల్చటి నూనె పొర ఉండిపోతుంది. అందుకని నింపక ముందే కొట్టాలి. కానీ ముందే కొడితే ఇంకో చిక్కు. ఒక డ్రమ్ముకు 400 సీసాలు ముద్రించి 384 నింపితే, మిగిలిన 16 ఖాళీ సీసాలు మర్నాడు వేరే డ్రమ్ము పచ్చడితో నిండుతాయి. ఇది నిజంగానే జరిగింది. అందుకని ఇప్పుడు 24 చొప్పున ముద్రిస్తున్నాం. డ్రమ్ము మారేటప్పుడు ముద్రించినవి, నింపినవి, పాడైనవి, మిగిలినవి నాలుగూ రాసి లెక్క కుదిరాకే కొత్త డ్రమ్ము మూత తీస్తున్నాం. మిగిలిన సీసాల మీది ముద్రను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తున్నాం.

మూత మీద మాత్రం కొట్టకండి. కారిన సీసాలకు మూతలు మార్చేటప్పుడు నంబర్లు కూడా మారిపోతాయి. ముద్ర సీసా ఒంటి మీదే ఉండాలి.

యంత్రంతో వచ్చిన ఇబ్బందులు రెండు. సీసా గుండ్రంగా ఉండటంతో యంత్రం తలకూ సీసాకూ మధ్య 3 మిల్లీమీటర్లు దాటినచోట అంకెలు అలుక్కుపోయాయి. చెక్కలో వంపు తీసి సీసా పడుకునే మంచె చేయించాక కుదిరింది. రెండోది సాల్వెంట్ సిరా నాజిల్ దగ్గర ఆరిపోవడం. ముద్ర మధ్యలో అడ్డంగా తెల్లగీత పడుతుంది. సరిగ్గా నడిమి గీత పోతే 8 సున్నాలా కనిపిస్తుంది, పై గీత పోతే 7 ఒకటిలా. తనిఖీ అంకె పనికొచ్చింది ఇక్కడే. ప్రతి 24 సీసాలకు ముందు తెల్లకాగితం మీద ఒకసారి కొట్టి చూసి, గీత కనిపిస్తే నూగు లేని గుడ్డతో తల తుడవాలి. పని ఆపితే వెంటనే టోపీ పెట్టాలి.

ఖర్చు: యంత్రం 21,000, దండగైన నీటి సిరా 1,200, సాల్వెంట్ సిరా కార్ట్రిడ్జ్‌లు రెండు 4,200. ఇప్పటిదాకా 28,240 రూపాయలు.

దశ 4: బయటికి వెళ్లే జాడ

1. ఒక అట్టపెట్టెలో 24 సీసాలూ ఒకే లాట్‌వి. తక్కువపడితే సగం పెట్టెగానే మూయాలి, పక్క లాట్‌తో నింపకూడదు.
2. పెట్టె మీద లాట్ నంబరు స్టిక్కర్ రెండు పక్కలా.
3. బిల్లులో ప్రతి వరుసకూ లాట్ నంబరు. బిల్లింగు సాఫ్ట్‌వేర్‌లో బ్యాచ్ గడి ఉంటుంది, దాన్ని నింపకుండా బిల్లు సేవ్ కాకుండా పెట్టుకోవాలి.
4. ప్రతి లాట్ నుంచి మూడు నమూనా సీసాలు అలమారలో. ఫిర్యాదు వచ్చినప్పుడు పోల్చి చూసేందుకు ఇవే ఆధారం.

మొదటి నియమం మీద గొడవ వచ్చింది. సగం పెట్టెకూ పూర్తి పెట్టెకూ రవాణా ఛార్జీ ఒకటే. సగం పెట్టెలను రవాణాకు పంపకుండా కౌంటరుకూ కొరియరుకూ మళ్లించడంతో సద్దుమణిగింది.

ఖర్చు: స్టిక్కర్లు 900, నమూనాల అలమార 2,400. ఇప్పటిదాకా 31,540 రూపాయలు.

దశ 5: రెండో ఉత్తుత్తి రీకాల్

నంబరు 115143036. ముందు బరువు లెక్క:

- ఊరాక తూచినది: 198.6 కిలోలు
- 384 సీసాలు, సగటున 503 గ్రాములు: 193.15
- అడుగుల లాట్‌కు వెళ్లినది: 4.1
- తుడిచి పారేసినది: 0.9
- లెక్కకు రానిది: 0.45 కిలో, ఒక సీసాకన్నా తక్కువ

ఇది కిలోల్లో తేలిందంటే డ్రమ్ములోకి ఏదో చేరిందనో, ఏదో పోయిందనో అర్థం. సీసాల జాడ కన్నా ముందు ఈ లెక్క చూడాలి.

తర్వాత సీసాలు. నమూనాలు 3, ల్యాబుకు 1, పూర్తి పెట్టెలు 15 (360 సీసాలు) బిల్లుల్లో దొరికాయి, కొరియరులో వెళ్లినవి 16 చిరునామాలతో సహా దొరికాయి. మొత్తం 384లో 380, అంటే 98.96 శాతం. సమయం 38 నిమిషాలు. వెనక్కి జాడలో టిక్కీ గోనె నంబరు, మూడు టిన్నుల బ్యాచ్ నంబర్లు, జత డ్రమ్ము నంబరు 7 నిమిషాల్లో తేలాయి.

దొరకని నాలుగూ కౌంటరులో నగదుకు అమ్మినవి. వాటి బిల్లుల్లో లాట్ ఉంది, కొన్నవారి వివరం లేదు. కౌంటరు గోడ మీద లాట్ నంబర్ల వారీగా నోటీసు పెట్టే చోటు కేటాయించడం తప్ప దీనికి వేరే దారి కనిపించలేదు.

మిగిలి ఉన్న పని

మాగాయ ఇంకా ఈ పద్ధతిలోకి పూర్తిగా రాలేదు. ముక్కలు ఉప్పులో ఊరి, మూడు నాలుగు రోజులు ఎండాలి. మబ్బు పట్టిన రోజు సగం ఎండిన ముక్కలను మర్నాటి ముక్కలతో ఒకే పట్టా మీద కలిపేస్తున్నారు, ఊట కూడా ఒకే బేసిన్లో చేరుతోంది. ఎండబెట్టే పట్టాలకు రంగు గుడ్డలు కట్టి రోజుకో రంగు ఇచ్చాం. పట్టాల మీద కలయిక ఆగింది. ఊటకు మాత్రం రోజుకొకటి చొప్పున మూతలున్న బేసిన్లు నాలుగు కావాలి, ఉన్నవి రెండే. అవి వచ్చేదాకా ఆ నాలుగు రోజుల మాగాయనంతా ఒకే లాట్‌గా లెక్కగట్టి, ఆఖరి రోజు సంఖ్యతో ముద్రిస్తున్నాం.